ఖాళీ అని రాసి ఉన్న ఫ్లాటు

ఆ బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు మూల ఫ్లాటు పేరెత్తితే చాలు... జనం గొంతు తగ్గించేవాళ్ళు.

పగలు తగ్గించేవాళ్ళు. చీకటి పడితే అసలు ఎత్తేవాళ్ళే కాదు. "పైన" అనేవాళ్ళు, అంతే. "పైన నిన్న మళ్ళీ..." అని ఒకరంటే, "మేమూ విన్నాం" అని ఇంకొకరు. ఆపైన ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళు.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. కొంచెం అటూ ఇటూ అయితే నా పూచీ లేదు.

పోనీ పాత బిల్డింగా అంటే అదీ కాదు. దెయ్యం పట్టడానికి ఇంటికి ఓ వయసుండాలి, గోడలు నాలుగు తరాల ఏడుపులు వినుండాలి. ఈ బిల్డింగ్‌కి రంగు వాసనే పోలేదు. లిఫ్టు అద్దం మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా పీకలేదు. అయినా పట్టింది. ఈ రోజుల్లో అన్నీ తొందరే కదా.

సంగతేమిటంటే, ఆ ఫ్లాటు కొన్న ఆసామి తాళాలు చేతికొచ్చిన కొద్ది రోజులకే పోయాడు. ఆ ఫ్లాట్లో కాదు లెండి, ఎక్కడో ఆస్పత్రిలో. "ఒక్క రాత్రయినా పడుకోకుండా పోయాడు పాపం" అన్నారు మొదటి అంతస్తువాళ్ళు. ఆ మాట రెండో అంతస్తు ఎక్కేసరికి "పడుకోవాలన్న కోరిక మిగిలిపోయిందట" అయింది. మూడో అంతస్తుకి చేరేసరికి — "వచ్చేశాడట."

అప్పటికి అంతా మాటలే. ఆ తరవాత నిజంగానే మొదలయింది.

స్నానాల గదుల్లో మొదలయింది. ఆ బిల్డింగ్‌లో అన్ని ఇళ్ళ స్నానాల గదుల వెంటిలేటర్లూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. కింద నుంచి పైదాకా పైపులు పోయే ఇరుకు సందు అది. ఒక రాత్రి మొదటి అంతస్తులో ఒకాయన పళ్ళు తోముకుంటున్నాడు. నోటినిండా నురగ. వెంటిలేటర్లోంచి, గొట్టంలో నోరుపెట్టి మాట్లాడినట్టు... ఒక గుసగుస.

"కదలకు... నీ వెనకే ఉన్నా..."

ఆయన కదల్లేదు. నురగ మింగేశాడు.

మర్నాడు రాత్రి మూడో అంతస్తువాళ్ళు విన్నారు. "ఇంకా ఎంతమంది మిగిలారు?... ఒక్కణ్ణీ వదలను." ఆ ఇంట్లోవాళ్ళు వారం పాటు అక్కడ స్నానాలు మానుకుని, వాచ్‌మన్ గదిలో బకెట్టుతో కానిచ్చారట.

వీధి అవతల నుంచి చూస్తే ఆ కిటికీలో నీలం వెలుగు. దీపంలా నిలకడగా ఉండదు. ఆరుతుంది... వెలుగుతుంది... ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది.

అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, దానికి ఆకలి.

పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు వచ్చి "నాలుగో అంతస్తు మూల ఫ్లాటు" అనేవాళ్ళు. అక్కడెవరూ లేరయ్యా అంటే, "గుమ్మం ముందు పెట్టేసి పొమ్మన్నారండీ ఫోన్లో" అనేవాళ్ళు. వాళ్ళలో ఒకడు పొట్లం పెట్టేసి, మెట్ల మలుపులో ఆగి తొంగి చూశాడట. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఎండ ఎరగని చెయ్యి ఒకటి... తెల్లగా... బయటికి వచ్చింది. పొట్లం పట్టుకుని లోపలికి పోయింది. మనిషి లేడు. ఉత్త చెయ్యే.

"దెయ్యం పార్సిలు తెప్పించుకోవడం ఏమిటయ్యా" అని ఎవరో అంటే, "మరి వండుకుంటుందా" అన్నాడు వాచ్‌మన్. 

మీరు అడగొచ్చు, అక్కడ ఎవరైనా మనిషి దిగాడేమో అని ఒక్కరికీ అనుమానం రాలేదా అని. వచ్చింది. ఆ అనుమానాన్ని సెక్రటరీ గారు మొదట్లోనే తుంచేశారు.

సెక్రటరీ గారంటే ఆ బిల్డింగ్ సంఘానికి పెద్ద. రిటైరైన గుమాస్తా. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరు కొత్తగా దిగినా ముందు ఆయన ఇంటికి వెళ్ళి, కూర్చుని, తామెవరో ఏమిటో చెప్పుకోవాలి. నీళ్ళు వదిలే వేళలు, చెత్త ఇచ్చే వేళలు, బట్టలు ఏ వైపు ఆరేసుకోవాలి, ఏ వైపు ఆరేసుకోకూడదు — అన్నీ ఆయన నోటి నుంచే వినాలి. అప్పుడు కింద బోర్డు మీద ఫ్లాటు పక్కన పేరు రాయిస్తాడు. మూల ఫ్లాటు పక్కన "ఖాళీ" అని రాయించింది ఆయనే.

"నా దగ్గరికి ఎవరూ రాలేదు" అన్నాడాయన. "రాలేదంటే లేరు. లేనిచోట మాటలు వినబడుతున్నాయంటే — ఇంక మీరే చెప్పండి."

ఏం చెబుతారు. ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

ఒకసారి ధైర్యం చేశారట. సెక్రటరీ గారు ముందు, నలుగురైదుగురు మగవాళ్ళు వెనక, అందరి వెనకా వాచ్‌మన్, టార్చిలైటు పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టారు. పలుకు లేదు. మళ్ళీ కొట్టారు. లోపల నుంచి బొంగురుగా, తొందరగా...

"వచ్చేశారు... అందరూ వచ్చేశారు... ముందు ముసలాణ్ణి పట్టుకో..."

సెక్రటరీ గారు ఆ వయసులో అన్ని మెట్లు అంత వేగంగా దిగగలడని ఆయన భార్యకే తెలీదట. మర్నాడు లిఫ్టులో నాలుగో నంబరు గుండీ మీద ప్లాస్టరు అంటించేశారు. ఆ అంతస్తులో మిగతా ఫ్లాట్లు అమ్ముడుపోనేలేదు కాబట్టి అడిగేవాళ్ళూ లేరు.

సరిగ్గా అలాంటి బిల్డింగ్ ముందు ఒక సాయంత్రం, చీకటి చిక్కబడుతుండగా, ఒక ట్యాక్సీ ఆగింది.

దిగింది ఒక అమ్మాయి. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. అంటే, సూది చూడగానే కళ్ళు తేలేసే ఆరడుగుల మగవాళ్ళను రోజూ రెక్కపట్టి కూర్చోబెట్టే మనిషి. ఊరికే బెదిరే రకం కాదు. కానీ ఆ సాయంత్రం ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి వచ్చింది. ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేసి, తాళాలు అప్పగించి వచ్చింది. వెనక్కి వెళ్దామంటే వెళ్ళడానికి గుమ్మం లేదు. ఉన్నదంతా ట్యాక్సీ డిక్కీలో ఉంది. స్టేషనుకి వస్తానన్న మొగుడు రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడు. మోగీ మోగీ ఆగిపోతోంది.

ఆ మొగుడు ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఈ ఊరికి బదిలీ అయింది. ఆఫీసుకింకా సున్నాలు వేస్తున్నారు, అంతవరకు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో గీయమన్నారు. ముందు తను వెళ్ళి ఫ్లాటు సర్దుతాననీ, అంతా అమరాక ఆమె రావాలనీ అనుకున్నారు.

"ఒక్కణ్ణే ఉండాలి. తెలిసినవాళ్ళు లేరు, టీవీ కనెక్షన్ లేదు. కాలక్షేపం ఎట్లా" అన్నాడు బయల్దేరే ముందు, ముఖం వేలాడేసుకుని.

జాలిపడింది. ఆటల పెట్టె ఒకటి కొనిపెట్టింది.

అదేనండీ, టీవీకి తగిలిస్తారే, ఆ గేమ్ కన్సోల్. చేతిలో రెండు కొమ్ములున్న బిళ్ళ ఒకటి ఉంటుంది, దాని నిండా గుండీలు. నొక్కితే తెరమీద మనిషి పరిగెత్తుతాడు, గోడలెక్కుతాడు, తుపాకీ పేలుస్తాడు. నొక్కినవాడు మాత్రం కూర్చున్నచోటే కూర్చుని ఉంటాడు. కాలక్షేపం అంటే కాలం గడవడం అనుకుంది పాపం పిల్ల. మనిషే గడిచిపోతాడని ఆ అట్టపెట్టె మీద ఎక్కడా వేసి ఉండదు.

మొదట్లో ఫోన్లో బాగానే మాట్లాడేవాడు. పక్కింటివాళ్ళు పరిచయమయ్యారా అంటే "అందరూ మంచివాళ్ళే" అనేవాడు. మంచం బిగించావా అంటే "ఇదిగో, ఇవాళో రేపో." తరవాత తరవాత మాటలు తగ్గాయి. "ఊఁ" అనేవాడు. "ఆఁ" అనేవాడు. ఆమె చెప్పుకుంటూ పోతుంటే అవతల నుంచి ఊపిరి చప్పుడు మాత్రం వినిపించేది... దగ్గరగా, బరువుగా. పని ఎక్కువగా ఉందేమోలే అనుకునేది.

ట్యాక్సీ దిగి, వాచ్‌మన్‌ని పిలిచింది. "నాలుగో అంతస్తు మూల ఫ్లాటు. పెట్టెలు కొంచెం పైకి చేర్పిస్తారా?"

వాచ్‌మన్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"అక్కడికెందుకమ్మా?"

"మా ఆయన ఉంటారు."

వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టి, ఆమెకేసి కాకుండా ఆమె కాళ్ళకేసి చూశాడు. అవి నేలమీదే ఉన్నాయని రూఢి చేసుకున్నాక, సెక్రటరీ గారిని పిలవడానికి పరిగెత్తాడు.

సెక్రటరీ గారు వచ్చాడు. ఆయనతో పాటు, వరండాలో గాలికి కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడ కూడా లేచి వచ్చింది. ఆ బిల్డింగ్‌లో కొత్తవాళ్ళతో మొదట మాట కలిపేది ఆవిడేనట.

"చూడమ్మా" అన్నాడు సెక్రటరీ గారు గొంతు తగ్గించి. "ఆ ఫ్లాట్లో ఎవరూ లేరు."

"రెండు నెలలుగా ఉంటున్నారండీ. ఓనరుగారి అబ్బాయి ఎక్కడో దూరాన ఉంటాడట, ఫోన్లోనే మాట్లాడి అద్దెకిచ్చాడు. తాళాలు కొరియర్లో పంపాడు."

"రెండు నెలలు" అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. "సరిగ్గా అప్పుడే మొదలయిందండీ..."

"ఏం మొదలయింది?"

 పెద్దావిడ చెప్పింది — గుసగుసలు, నీలం వెలుగు, తలుపు సందులో చెయ్యి. చెబుతూ చెబుతూ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"మీ ఆయన్ని చూసినవాళ్ళు ఈ బిల్డింగ్‌లో ఒక్కరూ లేరు తల్లీ. లిఫ్టులో గానీ, మెట్ల మీద గానీ, గేటు దగ్గర గానీ. మనిషన్నవాడు రెండు నెలలు ఒక్కరికీ కనబడకుండా ఉంటాడా చెప్పు."

అమ్మాయి చేతిలో ఫోనుకేసి చూసింది.

రెండు నెలల నుంచీ ఎవరూ చూడలేదు... మరి రెండు నెలలుగా ఫోన్లో "ఊఁ" అంటున్నది ఎవరు?

 తరవాత చిన్న నీలం బ్యాగు భుజాన వేసుకుని, ట్యాక్సీ అతన్ని ఆగమని చెప్పి, లిఫ్టు వైపు నడిచింది.

"ఒక్కదానివే వెళ్ళకమ్మా" అన్నాడు సెక్రటరీ గారు.

"అయితే రండి."

సెక్రటరీ గారు నీళ్ళు నమిలాడు. "మూడో అంతస్తు దాకా వస్తాం" అన్నాడు.

అన్నట్టే మూడో అంతస్తులో ఆగిపోయారు సెక్రటరీ గారూ, వాచ్‌మనూ. అక్కణ్ణించి మెట్లు. అమ్మాయి ఒక్కతే ఎక్కింది.

పైన లైటు లేదు. బల్బు మాడిపోయి ఎన్నాళ్ళయిందో, మార్చే ధైర్యం ఎవరికీ లేదు. ఫోను వెలుగు వేసి చూసింది. వసారా పొడుగునా దుమ్ము. దుమ్ములో అడుగుల జాడ — మెట్ల నుంచి మూల ఫ్లాటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చినవి. అన్నీ పార్సిలు వాళ్ళవే. ఆ గుమ్మం లోపల నుంచి బయటికి వేసిన అడుగు ఒక్కటీ లేదు.

తలుపు పక్కన ఖాళీ అట్టపెట్టెలు, నడుమెత్తు. తలుపు కింద సందులోంచి వెలుగు... నీలంగా... ఆరుతూ, వెలుగుతూ.

చెవి దగ్గరగా పెట్టింది.

"రా..."

ఊపిరి బిగబట్టింది.

"రా... ఇంకొంచెం దగ్గరికి రా... భయం లేదు... అలా... అలా..."

ఆ గొంతు ఆమెకు తెలుసు. తెలియదు కూడా. పెళ్ళినాటి నుంచీ విన్న గొంతే, కానీ లోపల ఏదో ఎండిపోయి, తుప్పుపట్టి, చాలాకాలంగా మనిషితో మాట్లాడని గొంతులా ఉంది.

"వెనక్కి తిరక్కు..."

చప్పున వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. కింద మలుపు నుంచి సెక్రటరీ గారి గుసగుస — "అమ్మా... వచ్చెయ్యమ్మా..."

తలుపు కొట్టింది. పలుకు లేదు. నెట్టింది. గడియ వేసి లేదు. తలుపు దానంతటదే... చప్పుడు లేకుండా... తెరుచుకుంది.

ఖాళీ హాలు. గోడలు బోసిగా. నడిమధ్య, గుమ్మానికి వీపు పెట్టి, ఒక ఆకారం కూర్చుని ఉంది.

తల మీదుగా తెల్లటి దుప్పటి. దుప్పటి కింద చెవులున్నచోట, రెండు వైపులా రెండు ఎర్రటి చుక్కలు... నిప్పుల్లా. భుజాలు కదలడం లేదు. ఒళ్ళో రెండు చేతులు మాత్రం పురుగుల్లా గిలగిల కొట్టుకుంటున్నాయి.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. 

అప్పుడు ఆ ఆకారం తల తిప్పకుండానే మాట్లాడింది.

"అక్కడ పెట్టేసి వెళ్ళండి బాబూ. తలుపు దగ్గరికి వేసెయ్యండి, గాలి వస్తోంది."

అమ్మాయి కదల్లేదు. కానీ భయం మాత్రం పోయింది. ఎలా పోయిందంటే, సూది గుచ్చాక పోయినట్టు — చురుక్కుమని.

అప్పుడు నింపాదిగా చూసింది. చెవులకు ఎర్ర దీపాలున్న హెడ్‌ఫోన్లు. ఎదురుగా గోడనిండా టీవీ, అందులో తుపాకీ పట్టుకుని మాటువేసిన సిపాయి. వెనక మాటున శత్రువు. ఖాళీ గదుల్లో మాట ఎలా మోగుతుందో మీకు తెలుసు కదా, పైగా స్నానాల గది తలుపు బార్లా తీసి ఉంది. ఇతగాడి గొణుగుడు అటుగా వెళ్ళి, పైపుల సందులో దూరి, బిల్డింగంతా పళ్ళు తోముకునేవాళ్ళ ప్రాణాలు తోడేసింది.

ఇల్లు కూడా చూసింది. ఆమె పంపిన పరుపు, చుట్టిన ప్లాస్టిక్ విప్పకుండా గోడకు ఆనించి ఉంది. కిటికీ తెరలు పొట్లంలోనే ఉన్నాయి. కొత్త స్టవ్ అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు, దాని మీద ఆటల పెట్టెను కూర్చోబెట్టాడు. ఫ్యాను మనిషికి కాకుండా ఆ పెట్టెకు తిప్పి ఉంది, వేడెక్కుతుందని కాబోలు. హాల్లో దుమ్ము లేనిది అదొక్కటే. రోజూ తుడుస్తున్నట్టున్నాడు. ఎదురుగా ఒక కుర్చీ. ఊళ్ళోవాళ్ళ ప్లాన్లలో సోఫా ఎక్కడ, మంచం ఎక్కడ, భోజనాల బల్ల ఎక్కడ అని గీతలు గీసి బొమ్మలు వేసే మనిషి, తన కాపురానికి వేసుకున్న ప్లాను ఇది.

రెండో కుర్చీ లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. నీలం బ్యాగు, చెప్పినట్టే, గుమ్మం బయట పెట్టింది. తలుపు దగ్గరికి వేసింది. మెట్లు దిగింది.

మూడో అంతస్తులో ఇద్దరూ గోడకు అతుక్కుని ఉన్నారు. "ఏం కనబడింది?" అన్నాడు సెక్రటరీ గారు.

"మీరన్నది నిజమే" అంది. "లోపల ఎవరూ లేరు."

సెక్రటరీ గారి ముఖం ఎంత వెలిగిందంటే, భయపడాలన్న సంగతి కూడా మరిచిపోయాడు. "నేను చెప్పలేదా. నా దగ్గరికి రాలేదంటే లేరు" అంటూ కిందిదాకా అదే మాట.

కింద పెద్దావిడ ఆమెను పెద్ద సూట్‌కేసు మీదే కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. అమ్మాయి ఏడవలేదు. ట్యాక్సీ అతన్ని మాత్రం అడిగింది, తిరుగు రైలు ఏ వేళకుందో తెలుసా అని.

ఇంతలో మెట్ల మీద చప్పుడు.

ధబ్... ధబ్... ధబ్... ఎవరో పైనుంచి పరిగెత్తుకు వస్తున్నారు.

దుప్పటి మెడ చుట్టూ చిక్కుకుని వెనక ఎగురుతోంది. గడ్డం ముఖమంతా అల్లుకుని ఉంది. మెడలో ఎర్ర దీపాలు. పార్సిలు కోసం తలుపు తీసి, నీలం బ్యాగు చూసి, ఉన్నవాడు ఉన్నట్టు దూకాడు. ఒక చేతిలో ఆ బ్యాగు, ఇంకో చేతిలో ఇంకా ఆ గుండీల బిళ్ళ.

వాచ్‌మన్ సూట్‌కేసు వెనక నక్కాడు. సెక్రటరీ గారు వాచ్‌మన్ వెనక నక్కాడు. ట్యాక్సీ అతను అద్దాలు ఎక్కించేశాడు. పెద్దావిడ ఒక్కతే నిలబడి, కళ్ళజోడు సవరించుకుంది.

"నువ్వు మనిషివేనా నాయనా?"

"అవునండీ" అన్నాడు రొప్పుతూ. "మూల ఫ్లాటులో ఉంటాను. బతికే ఉన్నానండీ."

"అన్నీ మొదట అలాగే అంటాయిట" అని సెక్రటరీ గారు వాచ్‌మన్ వీపు వెనక నుంచి.

డ్రాఫ్ట్స్‌మన్ పెళ్ళాం వైపు తిరిగాడు. "రేపు కదా నువ్వు వస్తానన్నది?"

"అది నిన్నటి మాట."

"ఫోను... ఫోను వినపడలేదు. సైలెంట్లో..."

"తెలుసు."

"ఇతను నీకు తెలుసా అమ్మాయ్?" అంది పెద్దావిడ.

అమ్మాయి అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మళ్ళీ కింది నుంచి పైకి.

"పోలికలున్నాయి" అంది.

అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. గుండీల బిళ్ళను జేబులో పెట్టబోయాడు. జేబులో పట్టలేదు. "పద, ఇంటికెళ్దాం" అన్నాడు చివరికి.

"ఏ ఇంటికి? అది ఖాళీ ఫ్లాటట. బోర్డు మీద రాశారు, చూడు." ఆమె గొంతు పెంచలేదు. "నేను ఉద్యోగం వదిలి, ఇల్లు వదిలి వచ్చాను. నువ్వొక్కడివి ఉన్నావని వచ్చాను. వీళ్ళందరూ లేవంటున్నారు. నేను వెళ్ళి చూశాను, నాకూ కనబడలేదు. నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలి?"

అతను వెళ్ళి బోర్డు చూశాడు.

"ఒక్క పని చెయ్యి" అంది. "ఈ బిల్డింగ్‌లో ఒక్క తలుపు, ఒక్కటంటే ఒక్కటి తెరిపించు. తెరిచినవాళ్ళు నిన్ను ఎరుగుదుమనాలి. అన్నారా, ఈ పెట్టెలు పైకి వస్తాయి, వాటి వెనక నేనూ వస్తాను. అనలేదా, ట్యాక్సీ ఎలాగూ ఆగి ఉంది."

"ఇప్పుడా? నాకిక్కడ ఎవరూ తెలీదే."

"అందరూ మంచివాళ్ళే అన్నావుగా."

వెళ్ళాడు. దుప్పటి ఈడ్చుకుంటూ మెట్లు ఎక్కాడు. కింద అందరూ చెవులు రిక్కించారు.

మొదటి అంతస్తు. తలుపు చప్పుడు. "ఎవరూ?" అని లోపల నుంచి.

"నేనండీ... నాలుగో అంతస్తు... మూల ఫ్లాటు..."

లోపల కుర్చీ కిందపడిన చప్పుడు. గడియ పడింది. దాని మీద ఇంకో గడియ పడింది. కిటికీలో లైటు ఆరిపోయింది.

పక్క తలుపు. "తలుపు తీయండి... ఒక్కసారి నన్ను చూడండి... నేను మనిషినే..."

ఆ లైటూ ఆరింది.

ఆ పైన అతను కొట్టక్కర్లేకుండానే ఆరిపోవడం మొదలుపెట్టాయి. కబురు ఏ గోడలోంచి పాకుతోందో గానీ, అతను మెట్టు ఎక్కేసరికి ఇల్లు నల్లబడిపోతోంది. రెండు నెలలు తలుపు వేసుకుని కూర్చున్నవాడికి, ఒక్కసారిగా ఊరంతా తలుపులు వేసి చూపించింది. అమ్మాయి సూట్‌కేసు పిడి పట్టుకుని పైకి చూస్తూ కూర్చుంది. పిడి మీద వేళ్ళు తెల్లబడ్డాయి. కోపంలోనే అన్నా, ఒక్కరైనా తీస్తే బాగుండునని లోపల ఎంత కొట్టుకుంటోందో ఆ వేళ్ళు చూస్తే తెలుస్తుంది.

ట్యాక్సీ అతను అద్దం కొంచెం దించాడు. "అమ్మా... వెళ్దామా?"

ఆమె లేచింది.

అప్పుడు — పైన ఎక్కడో ఒక గడియ తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. ఏవో మాటలు... మెల్లగా.

కాసేపటికి మెట్ల కటకటాల మీంచి డ్రాఫ్ట్స్‌మన్ తల బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"తీశారు" అన్నాడు. "ఒకావిడ తీసింది. నన్ను ఎరుగుదునంటోంది. రోజూ గోడకి చెవి పెట్టి నా మాటలు వింటుందట. నీ గొంతే నాకు కాలక్షేపం నాయనా అంటోంది. నిన్నూ తీసుకురమ్మంటోంది."

సెక్రటరీ గారు మెల్లగా వాచ్‌మన్ వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. అమ్మాయి ఊపిరి వదిలింది. రెండు నెలల బరువు ఆ ఊపిరితో దిగిపోయినట్టయింది. నవ్వు కూడా రాబోయింది.

"ఏ ఇల్లు?" అంది, సూట్‌కేసు ఎత్తుతూ.

"రెండో అంతస్తు. మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు. గుమ్మం ముందు ఆకుపచ్చ పట్టా వేసి ఉంటుంది, చూసి రా."

అమ్మాయి మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయింది. వెనక నుంచి పెద్దావిడ ఆమె మణికట్టు పట్టుకుంది. 

"ఆ పట్టా నేను వేసిందే తల్లీ" అంది గుసగుసగా. "అది మా ఇల్లు. నేనొక్కదాన్నే ఉంటాను. తాళం వేసి వచ్చాను... తాళంచెవి ఇదిగో."